చౌమీను వంటయింటికి వచ్చిన చరిత్రము

మా వీధి మొగదల ప్రొద్దుగ్రుంకినతోడనే యొక నాలుగుచక్రముల బండి వచ్చి నిలుచును. దానిమీద పెద్ద బాణలి, బాణలిక్రింద హోరుమని మ్రోయు మంట. ఆ బండివాడు ఉడికిన నూడుల్సును, కోడిమాంసపు ముక్కలను, క్యాబేజీ తరుగును చేర్చి రెండు నిమిషములలో ఎగురవేసి వేచి పొట్లము కట్టి యిచ్చును. మా యింటి పిల్లలకు ఆ పొట్లముమీద నున్న మక్కువ పప్పుచారులమీద లేదు. బండి తిండి దినదినమును తినుట మంచిది కాదని తలచి, దానినే యింట వండి పెట్టుదమని మేమొక యాదివారమునాడు పూనుకొంటిమి. అరకిలో మాంసము కోయించితిమి, నూడుల్సు ఉడికించితిమి, ఉల్లికాడలు, క్యారెట్టు తరిగితిమి, అన్నిటిని ఒక్కసారిగా మూకుడులో వేసి కలియబెట్టితిమి. మాంసము వేగుటకు మారుగా నీరూరి యుడికెను. నూడుల్సు ముద్దకట్టెను. పిల్లలు మర్యాదకొరకు రెండు ముద్దలు తిని లేచిరి. మా తల్లిగారు పళ్లెమువంక చూచి, “అట్లు పోయుదమని అంబలి కాచినారే!” అనిరి.

ఈ చిన్న పరాభవము మమ్ము పుస్తకములవైపు త్రిప్పినది. ఈ వంటకము ఎవరిది? అంగడిలో కుదిరినది యింట నేల కుదరదు? పరదేశీయుల యిండ్లలో దీనిని సరిగా వండుట నేర్పినవారెవరు? అని వెదుకబోగా, మాకు దొరికిన చరిత్రములో వంట కొంత, రాజ్యాంగము కొంత, ఒక సాహసవతియైన స్త్రీ జీవితము కొంత కలసి యున్నవి.

చౌమీను అను మాటకు వేచిన గోధుమపిండి తీగలని యర్థము. చీనాదేశమున దక్షిణపు కొసను, కాంటను నగరమునకు నైరుతి దిక్కున, తైషాను మొదలుగా నాలుగు తాలూకాలు కలవు. అమెరికాకు మొదట వలసపోయిన చీనావారిలో అత్యధికులు ఆ తాలూకాలవారే. 1848లో కాలిఫోర్నియాలో బంగారము బయటపడగా కొందరు పోయిరి. 1863 మొదలు 1869 వఱకు ఖండమునకు అడ్డముగా ఇనుపదారి వేయునప్పుడు, పడమటి భాగమున కొండలు తొలిచి దారి వేసినవారిలో పెక్కండ్రు వారే. పని ముగిసినంతనే వారు కంటగింపైరి. గనులనుండియు, కార్ఖానాలనుండియు వారిని తరిమిరి. తెల్లవాడు పోటీకి రాని పనులు రెండే మిగిలెను: ఒకటి బట్టలుతుకుట, రెండవది వంట. తమ దేశమున ఈ రెండు పనులును స్త్రీలకు విడిచిపెట్టినవారు, పరదేశమున వానినే పట్టుకొని బ్రదుకవలసివచ్చెను.

స్త్రీలు వారితో లేరా యని చదువరులు అడుగవచ్చును. 1875లో చేసిన యొక చట్టమువలన చీనా స్త్రీలు ఓడ దిగుటయే దుర్లభమయ్యెను. 1890వ సంవత్సరపు జనాభా లెక్కలలో ఆ దేశమందలి చీనావారు 1,07,488 మంది. వారిలో స్త్రీలు 3,868 మంది మాత్రమే. కావున అమెరికా చీనావంట మొదటినుండియు తల్లి కూతునకు నేర్పిన వంట కాదు. తల్లి చేతివంటను తలచుకొని మగవారు వండిన వంట. దానికి ఇంటి వంటయింటితో సంబంధము తెగిపోవుట అప్పుడే జరిగినది.

1882వ సంవత్సరము మే 6వ తేదీని చీనా కూలివారు దేశములో నడుగు పెట్టకుండ నిషేధించు చట్టము వచ్చెను. ఒక జాతిని పేరు పెట్టి వెలివేసిన మొదటి అమెరికా చట్టమిది. ఈ తేదీని చూడగనే మాకు మన రాజమహేంద్రవరము జ్ఞప్తికి వచ్చెను. దానికి అయిదు నెలలకు లోపలనే, 1881 డిసెంబరు 11వ తేదీని, వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము చేయించిరి. ఆ పెండ్లితో సంబంధము పెట్టుకొన్నవారికి వెలి తప్పలేదు. సహపంక్తిని భుజించుటయే వారిపై మోపిన నేరములలో నొకటి. మనవారు కలసి తిన్నవారిని వెలివేసిరి; అమెరికావారు వండిపెట్టిన చేతిని వెలివేసి వంటకమును మాత్రము ఇష్టముతో భుజించిరి. రెంటిలో ఏది యెక్కువ వింతయో మేము తేల్చజాలము.

తినుటయైనను ఒక్కనాట ప్రారంభము కాలేదు. చీనావారు ఎలుకలను, పిల్లులను తిందురను అపవాదు పత్రికలలో తఱచుగా వచ్చుచుండెను. 1883లో న్యూయార్కున వాంగ్ చిన్ ఫూ అను పత్రికారచయిత, ఎవరైనను దీనిని ఋజువు చేసినచో 500 డాలర్లిత్తునని ప్రకటించెను. ఆ సొమ్ము నడుగుటకు ఎవరును రాలేదు. మరుసటి యేడు ఆయన తన దేశపు వంటకములను గూర్చి బ్రూక్లిను పత్రికలో వ్రాయుచు చాప్‌సూయి అను కలగూర మాంసపు వేపుడును వర్ణించెను. 1896లో చీనా రాజప్రతినిధి లీ హుంగ్ చాంగు న్యూయార్కునకు వచ్చినప్పుడు ఆయన వంటవాడు ఈ వంటకమును కనిపెట్టెనని యొక కథ పుట్టినది. అది కథయే, పండ్రెండేండ్లకు ముందే దాని పేరు అచ్చులో నున్నది. కాని ఆ కథ అంగళ్లకు మేలు చేసెను. రాజప్రతినిధి భుజించినదనగనే నాగరకులు చీనావాడకు బండ్లు కట్టించుకొని పోజొచ్చిరి. గొప్పవారు తిన్నదనిన జాలును, దేశమేదైనను లోకమంతయు నొక్కటే.

తినుచునే నిందించుటయు ఆగలేదు. 1902లో నిషేధమును పొడిగింపవలెనని కార్మిక సంఘముల సమాఖ్యవారు ప్రచురించిన కరపత్రము పేరులోనే మాంసమునకును అన్నమునకును పోరు పెట్టిరి. మాంసము తినువాడు మగవాడట. అన్నము తినువాడు అతని జీతమును తగ్గించు కూలియట. అన్నము తిని బ్రదుకు మనబోటివారు ఈ వాదమును విని నవ్వుకొనవచ్చును గాని, అప్పుడది చట్టసభలో చెల్లినది. 1904లో ఆ నిషేధమునకు గడువన్నదే లేకుండ చేసిరి.

ఇక్కడ చరిత్రము వింతమలుపు తిరుగుచున్నది. చట్టము కూలివారిని నిషేధించెను గాని వర్తకులను నిషేధింపలేదు. 1915లో ఒక న్యాయస్థానపు తీర్పువలన భోజనశాలల యజమానులను గూడ వర్తకులుగా లెక్కించుటకు వీలు కలిగెను. పదిమంది బంధువులు తలకొంచెము సొమ్ము వేసికొని భోజనశాల తెఱచి, వంతులవారీగా యజమానత్వమును పుచ్చుకొని, ఆ పేరుమీద చీనాకు పోయి రాగలిగిరి, తమవారిని రప్పించుకొనగలిగిరి. కావున అమెరికా పట్టణములలో చీనా భోజనశాలలు ఏల పెరిగెనన్నచో రుచి యొక్కటే కారణము కాదు. తెఱచియున్న వాకిలి అదొక్కటే యగుటచే అందరును ఆ వాకిటనుండియే దూరవలసివచ్చెను.

ఆ భోజనశాలలలో చౌమీను రూపము మారిపోయెను. కాంటను పద్ధతిని ఉడికించి ఆరబెట్టిన నూడుల్సును రెండు వైపులను దోరగా వేచి, పైన మాంసపు కూరను పోసి పెట్టుదురు. న్యూయార్కు ప్రాంతమున అది మాంసము, ఉల్లికాడలు, మొలకలు కలిపిన చిక్కని కూరయై, పైన కరకరలాడు తీగలు చల్లుకొను పదార్థమయ్యెను. పొట్లము కట్టి యింటికి కొనిపోవు ఆచారమునకు తోడుగా ఒక కాగితపు పెట్టె దొరికినది. ఒక్క అట్టనే మడిచి, అంటు లేకుండ, చారు కారకుండ చేయు ఆ పెట్టెకు 1894లో షికాగో వాడగు ఫ్రెడరిక్ విల్కాక్సు హక్కుపత్రము పొందెను. ఆళుచిప్పలలోని మాంసమును కొనిపోవుటకు వాడుకలో నుండిన పాత్రకు అది కాగితపు రూపము. కాలక్రమమున చీనా అంగళ్ల పరమై, చూడగనే చీనాది యనిపించునంతగా పేరు పొందెను. చీనాలో మాత్రము దానిని వాడువారు లేరు.

ఇంట వండుకొనవలెనను కోరిక గృహిణులకు లేకపోలేదు. 1911లోనే జెస్సీ నోల్టను అను నామె ఇంటి వంటయింటికై చీనావంటల పుస్తకము నొకటి ప్రకటించెను. 1914లో షికాగోనుండి వెలువడిన మఱియొక పుస్తకమును వ్రాసినవారు అక్కచెల్లెండ్రు; తల్లి చీనా స్త్రీ, తండ్రి ఆంగ్లేయుడు. వారిలో నవలలు వ్రాసి పేరుపొందిన చెల్లెలు ఒనోటో వటానా యను జపాను పేరుతో, తాను జపాను దానినని చెప్పుకొనుచు వ్రాయుచుండెను. జపానుపై ఆ కాలమున మోజుండెను, చీనాపై ఏవగింపుండెను. తల్లి జాతిని దాచుకొని తల్లి వంటను అమ్ముకొనవలసిన దుర్గతిని చదువరులు ఊహించుకొందురుగాక. ఆమె సొంత అక్కగారు ఈడిత్ మాత్రము సూయి సిన్ ఫారు అను చీనా పేరునే పెట్టుకొని తన జాతిపక్షమున వ్రాసెను. 1922లో డిట్రాయిటున లాచాయి అను వ్యాపారము వెలసెను, మొలకలు మొదలగువానిని డబ్బాలలో నింపి యమ్మిన ఆ భాగస్థులలో ఒకడు అమెరికావాడు, రెండవవాడు కొరియావాడు, చీనావాడొక్కడును లేడు. డబ్బా తెఱచి వేడిచేసిన పదార్థమే లక్షలాది యిండ్లలో చీనా భోజనమని చలామణి యయ్యెను.

ఇన్ని జరిగినను, వేచుట యెట్లో ఎవరును సరిగా చెప్పలేదు. అది చెప్పినామె ఒక వైద్యురాలు.

బూవే యాంగ్ చావో 1889లో నాన్‌కింగున జన్మించెను. ఆమె తాతగారు యాంగు వెన్‌హ్వీ బౌద్ధ గ్రంథముల పునరుద్ధరణమునకై ముద్రణాలయము స్థాపించిన విద్వాంసుడు. పెద్దలు చిన్ననాటనే దాయాదికి ఆమెను నిశ్చయించిరి. పెరిగిన తరువాత ఆమె యా సంబంధమును త్రోసివేసెను. బాలికా పాఠశాల నొకదానిని నడపెను. పిమ్మట టోకియోకు పోయి స్త్రీల వైద్య కళాశాలలో చదివెను. అక్కడి భోజనము నోటికి పోకపోవుటచేతనే తాను వంట నేర్చుకొంటినని ఆమె చెప్పుకొనెను. 1919లో పెకింగునకు తిరిగివచ్చి, స్నేహితురాలితో గలసి ఆసుపత్రి తెఱచెను. మార్గరెట్ శాంగరు వ్రాసిన పుస్తకమును చీనాభాషలోనికి తెచ్చెను.

1921లో భాషాశాస్త్రవేత్తయగు యువెన్ రెన్ చావోను తానై వరించెను. ఆ వివాహమునకు పురోహితుడు లేడు, పందిరి లేదు, కానుకలు లేవు. ఇద్దరు మిత్రులను భోజనమునకు పిలిచిరి. వారిలో ఒకరు సుప్రసిద్ధ సంస్కర్తయగు హూ షీ. పెండ్లికూతురు తానే నాలుగు ఇంటివంటలు చేసి వడ్డించెను. భోజనానంతరము ఒక కాగితమును తీసి, దానిమీద అతిథులచేత సాక్షి సంతకములు చేయించి, నలువది సెంట్ల రివిన్యూబిళ్ల అంటించిరి. వివాహము ముగిసెను. బాజాలకును బంతిభోజనములకును అప్పులు చేయు మన తండ్రులు ఈ బిళ్ల ఖరీదును ఒక్కసారి మనసున లెక్కకట్టి చూడవలెను.

వివాహమైన వెంటనే భర్త హార్వర్డులో బోధించుటకు పోవలసివచ్చెను. ఆమె వెంట పోయెను. వైద్యవృత్తి అంతటితో వెనుకబడెను. నలుగురు ఆడపిల్లలు కలిగిరి. స్వదేశమునకు తిరిగి పోవుట, యుద్ధము వచ్చుట, మరల దేశము విడుచుట జరిగినవి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఆ కుటుంబము మసాచుసెట్సులోని కేంబ్రిడ్జిలో నుండెను. అక్కడివారి యింటికి వచ్చిపోవు చీనా విద్యార్థులకును మిత్రులకును వండిపెట్టుచు ఆమె అమెరికా బజారులో దొరకు సరకులతోనే చీనావంటను కుదుర్చుకొనెను. 1945లో ఆమె పుస్తకము వెలువడెను. ఆమె చీనాభాషలో చెప్పగా పెద్దకుమార్తె రూలాన్ ఇంగ్లీషు చేసెను. ఆ యింగ్లీషు చప్పగా నున్నదని భర్త దానిని మరల మార్చెను. పీఠిక వ్రాసినవారిలో ఆ వివాహసాక్షి హూ షీ యొకరు, 1938లో నోబెలు బహుమానము పొందిన పెర్లు బక్కు ఇంకొకరు.

చౌమీనులోని “చౌ” అను మాటకు సరియైన ఇంగ్లీషు మాట అంతవఱకు లేదు. పెద్దమంటమీద, కొంచెము నూనెలో, సన్నగా తరిగినదానిని ఎడతెగక త్రిప్పుచు త్వరగా వేచుట యని ఇంత పొడుగున చెప్పవలెను. దానికి “స్టిర్-ఫ్రై” అను జంటమాటను యువెన్ రెన్ కూర్చెను. నేడు ఇంగ్లీషు మాటలాడు ప్రతి వంటయింటిలోను వినబడు ఆ మాట ఈ పుస్తకముననే పుట్టినది. మన తెలుగున వేపుడను నొకే మాట పెక్కు పనులకు చెల్లుచున్నది. అందుచేతనే కాబోలు మేము మొదటిసారి అట్లు మోసపోయితిమి.

పుస్తకము వచ్చుటకు రెండేండ్లకు ముందు, 1943 డిసెంబరులో, చీనావారిపై నిషేధము రద్దయ్యెను. చీనా అప్పుడు యుద్ధమున మిత్రరాజ్యము. అయినను ఏటికి ప్రవేశము దొరకువారు 105 మందియే. మనవారికి ఆపాటి వాకిలియు అప్పటికి లేదు. భగత్ సింగ్ థిండు వ్యాజ్యెమున 1923లో అమెరికా సర్వోన్నత న్యాయస్థానము హిందూదేశీయులు పౌరులగుటకు తగరని తీర్పు చెప్పెను. 1946లో గాని ఆ యడ్డు తొలగలేదు, తొలగినప్పుడు మన వంతు ఏటికి 100 మంది. భీమవరములో జన్మించి, అమెరికాలో మహౌషధములకు దారి చూపిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఆ దేశముననే పనిచేసి, ఆ దేశముననే 1948లో మరణించిరి. పౌరులు మాత్రము కాలేదు.

పరదేశీయులను తప్పుపట్టుట సుళువు. మా వీధి బండిమీది నూడుల్సు అమెరికానుండి వచ్చినవి కావు, కలకత్తానుండి వచ్చినవి. అక్కడి టాంగ్రాలో తోళ్లు ఊనుచు, భోజనశాలలు నడుపుచు తరతరములుగా నివసించిన చీనావారే పచ్చిమిర్చి, అల్లము, వెల్లుల్లి చేర్చి దీనిని మన నాలుకకు తగినట్లు మలచిరి. 1975లో బొంబాయిలో కోడిమంచూరియాను కల్పించిన నెల్సను వాంగు గూడ కలకత్తాలో పుట్టినవాడే. 1962లో చీనాతో యుద్ధము వచ్చినప్పుడు వారిజాతివారిని, ఇచ్చట పుట్టినవారిని సైతము, పిల్లలతోను ముసలివారితోను రైళ్లెక్కించి రాజస్థానములోని దేవళీ శిబిరమున నిర్బంధించిరి. వారు సుమారు 3,000 మంది. కొందరు ఏండ్ల తరబడి అక్కడనే యుండిరి. తిరిగి వచ్చిన పెక్కుమందికి ఇండ్లు లేవు, అంగళ్లు లేవు. వారు చాలవఱకు దేశము విడిచి పోయిరి. వారి నూడుల్సు మాత్రము ప్రతి పట్టణమునకును వ్యాపించినవి. రాత్రి బండివద్ద నిలుచుండి పొట్లము కొరకు చేయి చాచునప్పుడు ఈ సంగతి మాకు ఇంతకుమున్ను తోచలేదు. ఇప్పుడు తోచకమానుట లేదు.

మా రెండవ ప్రయత్నమును గూర్చి చెప్పవలసియున్నది. అంగడి మంట ఇంటి గ్యాసుపొయ్యి మంటకంటె ఎన్నో రెట్లు తీవ్రము. అరకిలో మాంసము ఒక్కసారి పడగనే మన మూకుడు చల్లారును. మాంసమునుండి ఊరిన నీరు ఆవిరియై పోవుటకు సెగ చాలదు. ఆ నీటిలోనే మాంసము ఉడుకును. కావున ఇంటివారు చేయవలసినది కొంచెము కొంచెముగా వేచుట. ఈ సారి మాంసమును నరమునకు అడ్డముగా పలుచని బద్దలుగా కోసి, రెండు చెంచాల సోయా రసము, ఒక చెంచా మొక్కజొన్న పిండి పట్టించి పావుగంట యుంచితిమి. ఆ పిండి రసమును లోపల నిలుపును. నూడుల్సును ఇంకను పలుకుండగనే దింపి, చన్నీటితో కడిగి, గుడ్డమీద ఆరబోసితిమి. మూకుడు పొగలువచ్చువఱకు కాగనిచ్చి, మొదట నూడుల్సునే రెండు వైపులను దోరగా వేచి తీసితిమి. పిదప మాంసమును మూడు వాయలుగా వేచితిమి; వాయకు ఒక్క నిమిషము పట్టెనేమో. చివరకు కూరగాయలు వేసి, అన్నిటిని చేర్చి, ఒక్కసారి త్రిప్పి దింపితిమి. త్రిప్పుట ఆరంభించిన తరువాత ఉల్లి తరుగుటకు తీరిక యుండదు. అన్నియు ముందే ప్రక్కన సిద్ధముగా నుండవలెను. పని అంతయు కత్తిపీటవద్దనే యున్నది.

పిల్లలు మారు వడ్డించుకొనిరి. మాంసము ముట్టని మా తల్లిగారు కూరగాయలతో వేరుగా చేసిన నూడుల్సును రుచిచూచి, ఎవరు నేర్పిరని యడిగిరి. చీనా వైద్యురాలి కథ చెప్పితిమి. ఆసుపత్రి సంగతియు, బిళ్ల అంటించిన పెండ్లియు, పుస్తకమును ఆమె శ్రద్ధగా వినిరి. విని, “ఇంత చదివి, మరల ఆమె నాడి చూచెనా?” అని యడిగిరి. ఆ వృత్తి వెనుకబడినదని చెప్పితిమి. తాను వైద్యము చేయవలసినదానిని, వంటపుస్తకము వ్రాసితినని సిగ్గుపడుచున్నానని ఆమె తన పుస్తకపు మొదటనే నవ్వులాటగా వ్రాసికొనెనని కూడ చెప్పితిమి. “నవ్వులాటయేనా?” అని మా తల్లిగారు పళ్లెము తీసికొని లేచిరి.